పేటపేటకీ ఒక మీటరు: చిన్న ఊళ్లో నీటి లైన్లని డీఎంఏలుగా విడగొట్టడం ఎలా

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో మన తెలుగువాళ్లు ఉండే ఏ ఊరికి వెళ్లినా కొళాయి కష్టం ఒకేలా ఉంటుంది. ట్యాంకు పక్క వీధిలో నీళ్లు మోటరు లేకుండానే డాబా ఎక్కుతాయి. ఊరి చివర వీధిలో ఒక్క బిందె నిండడానికి పది నిమిషాలు పడుతుంది. అడిగితే "నీళ్లు చాలట్లేదండీ, ఇంకో ట్యాంకు కట్టాలి" అంటారు. ఈ సరిహద్దు ఊళ్లలో ఇరవై ఏళ్లకి పైగా నీటి లైన్ల పని చూసినవాడిగా చెప్తున్నాను, చాలాచోట్ల కొరత నీళ్లకి కాదు, లెక్కకి. రుషికుల్య అవనీ, మహేంద్రతనయ అవనీ, వంశధార, నాగావళి అవనీ, నదిలోంచి తోడి, శుద్ధి చేసి, కరెంటు ఖర్చు పెట్టి పైకెక్కించిన నీళ్లు ట్యాంకు దిగాక ఏ వీధికి ఎన్ని వెళ్లాయో చెప్పగలిగే మనిషి ఉండడు.

ఆ లెక్క తేల్చే పద్ధతే డిస్ట్రిక్ట్ మీటర్డ్ ఏరియా. పనిలో ఉన్నవాళ్లందరూ డీఎంఏ అంటారు. ఇక్కడ డిస్ట్రిక్ట్ అంటే గజపతి జిల్లా, గంజాం జిల్లా అని కాదు. మన మాటలో చెప్పాలంటే ఒక పేట. ఊరి లైన్లని పేటలుగా విడగొట్టి, ఒక్కో పేటలోకి నీళ్లు ఒకే దారిన వచ్చేలా చేసి, ఆ దారిలో మీటరు పెడతారు. బ్రిటన్‌లో 1980ల నుంచి ఇదే పద్ధతి. పూరీ పట్నంలో 2021 జులైలో ఇరవై నాలుగు గంటలూ కొళాయి దగ్గరే తాగే నీళ్లు మొదలైనప్పటి నుంచి, ఒడిశాలో చిన్న మున్సిపాలిటీలు కూడా ఈ దారి గురించి ఆలోచిస్తున్నాయి. మీ ఊళ్లో ఈ పని మొదలుపెట్టబోయే ఇంజనీరు, సూపర్‌వైజరు, వార్డు మెంబరు, ఎవరైనా సరే, కింద చెప్పిన వరసలో వెళ్లండి. వరస తప్పితే డబ్బు పోతుంది.

ముందు లైన్లు ఎక్కడున్నాయో తెలుసుకోండి

అందరూ తొందరపడేది ఇక్కడే. ఆఫీసులో ఉన్న మ్యాపు తీసి దాని మీదే గీతలు గీసేస్తారు. ఆ మ్యాపు లైను వేయాలనుకున్నప్పటిది, వేసినప్పటిది కాదు. మధ్యలో కల్వర్టు అడ్డొచ్చి పక్కకి తిప్పిన పైపూ, ఎన్నికల ముందు హడావిడిగా వేసిన అడ్డలైనూ అందులో ఉండవు.

మన వైపు ఇంకో చిక్కు ఉంది. డ్రాయింగు ఇంగ్లీషులో ఉంటుంది, ఆఫీసు రిజిస్టరు ఒడియాలో ఉంటుంది, వాల్వు తిప్పే మనిషి నోట్లో ఉన్నది తెలుగు. కాగితం మీద "ఎస్‌వీ 14" అన్నది ఆయనకి "చింతచెట్టు వాల్వు". ఈ మూడూ ఒకటేనని ఎవరూ ఎక్కడా రాసి ఉండరు. కాబట్టి మొదటి వారం ఆఫీసులో కూర్చోకండి. వాల్వు ఆపరేటరుతో కలిసి తెల్లవారుజామున సప్లై వదిలే వేళకి వీధుల్లో నడవండి. రిటైరైన పాత ఆపరేటరు ఊళ్లో ఉంటే ఆయన్నీ బతిమాలి తీసుకెళ్లండి. ఒక ఊళ్లో అలాంటి పెద్దాయన నాతో నడుస్తూ సిమెంటు రోడ్డు మీద కర్రతో కొట్టి, "ఇక్కడే ఉండాలి బాబూ, రోడ్డు వేసినప్పుడు కప్పెట్టేశారు" అన్నారు. తవ్వితే రెండడుగుల లోతులో వాల్వు ఉంది, సగం మూసి ఉంది. ఆ దిగువ వీధి వాళ్లు ఎనిమిదేళ్లుగా నీళ్లు సన్నగా వస్తున్నాయని మొత్తుకుంటున్నారు.

ప్రతి వాల్వుకీ రిజిస్టరులో ఒక పేజీ కేటాయించండి. ఆఫీసు నంబరు, ఊళ్లో పిలిచే పేరు, పైపు సైజు, అది సిమెంటు పైపా ఇనుపదా ప్లాస్టిక్‌దా, ఏ వైపు తిప్పితే మూసుకుంటుంది, పూర్తిగా మూయడానికి ఎన్ని చుట్లు, ఇప్పుడు తెరిచి ఉందా మూసి ఉందా, మూస్తే నిజంగా నీళ్లు ఆగుతున్నాయా అన్నవి అందులో ఉండాలి. చివరి ప్రశ్నే ముఖ్యం. లోపలి మరలు అరిగిపోయి, గేటు కింద ఇసుక చేరి, తిప్పితే తిరుగుతూనే ఉండే వాల్వులు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. పేజీ ఒడియాలోనూ తెలుగులోనూ రాయించండి. ఫోన్‌లో లొకేషన్ పిన్ పెట్టుకోండి, ఎందుకైనా మంచిది పక్కింటి గోడ నుంచి ఎన్ని అడుగులో టేపుతో కొలిచి అదీ రాయండి.

గీత ఎక్కడ గీయాలి

ఒక పేటలో ఎన్ని కనెక్షన్లు ఉండాలంటే, 500 నుంచి 3,000 మధ్య అన్నది ప్రపంచమంతా వాడుకలో ఉన్న లెక్క. 5,000 దాటితే చిన్న పైపు పగిలినా మీటరులో తేడా కనిపించదు. మరీ చిన్నగా చేస్తే మీటర్లకీ ఛాంబర్లకీ ఖర్చు తడిసి మోపెడవుతుంది. మన చిన్న పట్నాలకి 800 నుంచి 1,500 కనెక్షన్ల పేట సుఖంగా ఉంటుందని నా అనుభవం.

వార్డు హద్దుల్ని మాత్రం పట్టుకోకండి. వార్డు గీతలు ఓట్ల కోసం గీసినవి, వాటి సంగతి నీళ్లకి తెలీదు. రైలు కట్ట, గెడ్డ (వాగు), పెద్ద రోడ్డు, చెరువు గట్టు లాంటివాటిని హద్దుగా తీసుకోండి. వాటిని దాటే పైపులు సహజంగానే తక్కువ ఉంటాయి కాబట్టి మూయాల్సిన వాల్వులూ తక్కువే. హద్దు మీద ఎన్ని పైపులు తెగితే అన్ని ఖర్చులు, అన్ని అనుమానాలు.

రెండోది ఎత్తుపల్లాలు. బరంపురం లాంటి మైదానపు ఊరికి ఇది పెద్ద సమస్య కాదు గానీ, గజపతి, రాయగడ జిల్లాల ఊళ్లు కొండ వాలు మీద ఉంటాయి. పది మీటర్ల ఎత్తు తేడా అంటే దాదాపు ఒక కేజీ ప్రెషర్ తేడా. ఒకే పేటలో పై వీధికీ కింది వీధికీ ఇరవై మీటర్ల తేడా ఉంటే, పై వీధికి నీళ్లు ఎక్కించడానికి కింది వీధి పైపుల్ని పగలగొట్టుకుంటున్నట్టే. పది, పదిహేను మీటర్ల తేడా లోపల ఉండేలా వాలుకి అడ్డంగా గీత గీయండి, పై పేట, కింది పేట అని.

గీత గీశాక, మూయకముందు ఒక పని ఉంది. ఆ వాల్వులు మూస్తే చివరి ఇంటికి ప్రెషర్ ఎంత మిగులుతుందో చూడాలి. కేంద్ర ప్రభుత్వ నీటి సరఫరా మాన్యువల్ 1999లో ఒక అంతస్తు ఇళ్లకి కనీసం 7 మీటర్లు, రెండంతస్తులకి 12, మూడింటికి 17 మీటర్ల ప్రెషర్ (అంటే నీళ్లు అన్ని మీటర్ల ఎత్తు ఎక్కగలిగేంత) ఉండాలని చెప్పింది; 2024లో కొత్త మాన్యువల్ వచ్చింది, అదీ చూసుకోండి. కంప్యూటర్ మోడల్ చేయించగలిగితే చేయించండి. లేకపోతే వాల్వులు తాత్కాలికంగా మూసి, చివరి వీధిలో నాలుగు కొళాయిలకి ప్రెషర్ గేజు బిగించి, రద్దీ వేళ చూడండి. గేజు ఖరీదు తక్కువే, అది లేకుండా ఈ పనిలోకి దిగవద్దు.

ఒకే దారి, ఒకే మీటరు

పేటలోకి నీళ్లు ఒక్క పైపు గుండానే రావాలి. రెండు దారులు తప్పనిసరైతే రెండింటికీ మీటర్లు పెట్టొచ్చు గానీ, రెండు మీటర్ల తప్పులూ లెక్కలో కలుస్తాయి. దారి ఒకటే ఉంటే పేటలోంచి ఇంకో పేటకి నీళ్లు వెళ్లకుండా చూసుకోవడమూ తేలిక.

మీటరు సైజు పైపుని చూసి కాదు, ప్రవాహాన్ని చూసి కొనాలి. 1,200 కనెక్షన్లు, ఇంటికి ఐదుగురు, మనిషికి రోజుకి 135 లీటర్లు అనుకోండి. రోజుకి 810 కిలోలీటర్లు, అంటే గంటకి సగటున 34. ఇరవై నాలుగు గంటల సప్లైలో అర్ధరాత్రి అది ఎనిమిదికో తొమ్మిదికో పడిపోతుంది. పాత పైపు 200 మిల్లీమీటర్లది ఉందని అదే సైజు మీటరు బిగిస్తే రాత్రి నీళ్లు అందులో పాకుతున్నట్టు వెళ్తాయి, అంత నెమ్మది ప్రవాహంలో మీటరు మాట నమ్మలేం. మనకి కావలసిందేమో సరిగ్గా ఆ రాత్రి అంకెలే. అదే రెండు గంటల సప్లై ఉన్న ఊరైతే మొత్తం నీళ్లు ఆ రెండు గంటల్లోనే దూసుకొస్తాయి కాబట్టి సైజు వేరు. రెండు పరిస్థితులూ సప్లయర్‌కి రాసిచ్చి, కనిష్ఠం, గరిష్ఠం రెండింటికీ సరిపోయేది అడగండి.

మీటరుకి ముందు పైపు వ్యాసానికి కనీసం ఐదు రెట్లు, తర్వాత మూడు రెట్లు తిన్నని పైపు వదలడం వాడుక. కంపెనీ ఎక్కువ చెప్తే అంతే వదలండి. వంపు పక్కనే మీటరు పెట్టొద్దు. సప్లై ఆగినప్పుడు పైపులో గాలి నిండే చోట అసలే వద్దు. నీళ్లు వదిలిన మొదటి నిమిషాల్లో గాలి తోసుకొస్తుంటే మీటరు గిర్రున తిరిగిపోతుంది, ఆ గాలి కూడా నీళ్ల లెక్కలో పడుతుంది. ముందు ఒక ఎయిర్ వాల్వు పెట్టండి. ఛాంబరు నేలమట్టం కంటే కాస్త ఎత్తుగా కట్టి, అడుగున నీళ్లు పోయే దారి ఉంచండి. వానాకాలంలో మురికినీట మునిగిన మీటరు రీడింగు తీయడానికి ఏ మనిషీ దిగడు, దించకూడదు కూడా.

సున్నా ప్రెషర్ పరీక్ష

ఈ పరీక్ష అయ్యేదాకా మీకున్నది కాగితం మీద గీతే, పేట కాదు. నేను నమ్మే మాట ఇదొక్కటే అనుకోండి.

రాత్రి ఒంటిగంట తర్వాత పెట్టుకోండి. రెండు రోజుల ముందు నుంచీ తెలుగులోనూ ఒడియాలోనూ మైకులో చెప్పించండి. ఆ పేటలో ఆసుపత్రి, డయాలసిస్ సెంటరు, ఫైర్ స్టేషను ఉంటే మనిషిని పంపి చెప్పండి, వాళ్ల ట్యాంకులు నింపించండి. జాతర రోజుల్లో పెట్టుకోవద్దు. బరంపురంలో ఠాకురాణి యాత్ర జరుగుతున్నప్పుడు ఏ రాత్రీ మామూలు రాత్రి కాదు.

హద్దు వాల్వులన్నీ మూసి, ఒక్కోదాని దగ్గరా స్పిండిల్‌కి (వాల్వు తిప్పే కడ్డీకి) చెవి ఆనించి వినండి. లిజనింగ్ స్టిక్ లేకపోతే పొడుగాటి స్క్రూడ్రైవరైనా చాలు, పిడి చెవి వెనక ఎముకకి ఆనించండి. బాగా మూసుకున్న వాల్వు మౌనంగా ఉంటుంది. లోపల కారుతున్నది సన్నగా ఈల వేస్తుంది. తర్వాత పేటలో నాలుగైదు చోట్ల గేజులు బిగించి, లోపలికి వచ్చే వాల్వు మూసి, పల్లంలో ఉన్న వాష్ అవుటునో (లైనులో నీళ్లు బయటికి వదిలే వాల్వు), కొళాయిలనో తెరవండి. గేజులన్నీ సున్నాకి రావాలి, వచ్చి అక్కడే ఉండాలి.

ఒకసారి మేం ఇలాగే మూసి చూస్తుంటే నాలుగు గేజులు సున్నాకి వచ్చాయి. ఐదోది, గెడ్డ పక్క వీధిది, సున్నాకి దిగి ఒక్క నిమిషం ఆగి మళ్లీ లేవడం మొదలెట్టింది. రెండు మీటర్లు. మూడు. నాలుగున్నర. టార్చి వెలుగులో ఆ ముల్లునే చూస్తూ నిలబడ్డాం, ఎవరికీ మాట లేదు. వాల్వులన్నీ మళ్లీ విన్నాం, అన్నీ మౌనం. అంటే మాకు తెలీని పైపు ఒకటి బయట నుంచి లోపలికి నీళ్లు తెస్తోంది. తెల్లారాక గెడ్డ గట్టు వెంబడి నడిస్తే, వంతెన అడుగున సిమెంటు దిమ్మకి అతుక్కుని ఒక మూడంగుళాల జీఐ (జింకు పూత ఇనుప) పైపు కనిపించింది. ఎప్పుడో కల్యాణ మండపం కోసం వేశారట. ఎవరు వేశారో ఏ రిజిస్టరులోనూ లేదు. ఆ ఒక్క పైపుని వదిలేసి మీటరు పెట్టి ఉంటే, నెలనెలా తప్పుడు లెక్క చూసుకుంటూ లేని దొంగల్ని వెతికేవాళ్లం.

పరీక్ష అయ్యాక చేయాల్సిన పని మర్చిపోతే ప్రాణాల మీదకి వస్తుంది. లైను ఖాళీ అయినప్పుడు మురుగుకాలవలో నానుతున్న కనెక్షన్ పైపుల చిల్లుల్లోంచి మురుగు లోపలికి పీల్చుకుంటుంది. పచ్చకామెర్లు, విరేచనాలు వచ్చేది ఇలాగే. కాబట్టి నీళ్లు మెల్లగా వదిలి, చివర్లలో బాగా పారబోసి, క్లోరిన్ చూడండి. ఊరి చివరి కొళాయిలో కనీసం లీటరుకి 0.2 మిల్లీగ్రాములు ఉంటేనే తాగమని చెప్పండి.

ఇళ్ల జాబితా

ప్రతి కనెక్షన్‌నీ ఫలానా పేటలోదని బిల్లింగు పుస్తకంలో గుర్తు వేయాలి. హద్దు వీధుల్లో ఎడమ వైపు ఇళ్లు ఒక పేట, కుడి వైపు ఇంకో పేట కావచ్చు, ఇంటికెళ్లి చూడాలి. ఒడిశా పట్నాల్లో జలసాథీలుగా పనిచేసే స్వయం సహాయక సంఘాల ఆడవాళ్లకి ప్రతి గుమ్మమూ తెలుసు. ఈ పని వాళ్లకే ఇవ్వండి.

రాత్రి లెక్క

ఇరవై నాలుగు గంటల సప్లై ఉంటే రాత్రి రెండు నుంచి నాలుగు మధ్య మీటరు చూడండి. ఊరు పడుకున్న ఆ వేళ లోపలికి వెళ్లే నీళ్లలో ఎక్కువ భాగం లీకులే. పైన చెప్పిన 1,200 కనెక్షన్ల పేటలో గంటకి 9,000 లీటర్లు వెళ్తున్నాయనుకోండి. ఇంటికి గంటకి 2 లీటర్లు నిజమైన వాడకం కింద తీసేస్తే 2,400. మిగిలిన 6,600 లీటర్లు మట్టిలోకి పోతున్నాయి. పగలు ప్రెషర్ తగ్గినప్పుడు లీకు కూడా తగ్గుతుంది కాబట్టి 24తో కాకుండా 20తో గుణించండి. రోజుకి 1,32,000 లీటర్లు. మనిషికి 135 చొప్పున దాదాపు 980 మందికి సరిపోయే నీళ్లు.

ఆ 2 లీటర్ల అంకె బయటి దేశాల అలవాట్లకి దగ్గరది. మన ఇళ్లలో సంపులు, డాబా మీద ట్యాంకులు రాత్రి నింపుకుంటారు. అందుకని ఓ ముప్ఫై ఇళ్ల మీటర్లు రాత్రి రెండింటికీ నాలుగింటికీ చదివి, మీ ఊరి అంకె మీరే తేల్చుకోండి.

పూటకి గంట, రెండు గంటలు సప్లై ఇచ్చే ఊళ్లో ఇది కుదరదు. అక్కడ రెండు దారులున్నాయి. మొదటిది, నెల మొత్తం మీద పేటకి వెళ్లిన నీళ్లలోంచి ఇళ్ల మీటర్ల మొత్తం తీసేయడం. రెండోది, ఒక్క రాత్రి ఆ ఒక్క పేటకే నీళ్లివ్వడం. సాయంత్రం నుంచి వదిలి, సంపులూ ట్యాంకులూ నిండాక, ఇంటింటికీ వెళ్లి బాల్ వాల్వు కట్టేయమని చెప్పి, ఒంటిగంట తర్వాత మీటరు చూడండి. ఒకసారి చేసినా చాలు, ముందు ఏ పేటలో తవ్వాలో తెలిసిపోతుంది.

లీకుని ఏ వీధిలో పట్టాలి

రాత్రి మీటరు దగ్గర ఒక మనిషిని ఫోనుతో కూర్చోబెట్టి, మీటరుకి అన్నిటికంటే దూరంగా ఉన్న వీధి నుంచి మొదలుపెట్టి ఒక్కో వాల్వూ మూసుకుంటూ రండి. దీన్ని స్టెప్ టెస్ట్ అంటారు. గంటకి 9.0 కిలోలీటర్లు ఉన్నది మొదటి వీధి మూస్తే 8.7, రెండోది మూస్తే 8.5, మూడోది మూయగానే 4.1 అయిందంటే మీ లీకు మూడో వీధిలో ఉంది. పొద్దున్నే ఆ వీధిలో లిజనింగ్ స్టిక్ పట్టుకుని నడవండి. ఇనుప పైపులో చప్పుడు దూరం వినిపిస్తుంది. ప్లాస్టిక్ పైపులో అంతగా వినపడదు, దగ్గర దగ్గరగా వినాలి, ఓపిక పట్టాలి.

రోడ్డు మీద ఫౌంటెన్‌లా ఎగిసిన పైపు గురించి అందరూ పరిగెత్తుతారు. సెకనుకి 10 లీటర్లు పోయినా ఆరు గంటల్లో కట్టేస్తారు, పోయింది 216 కిలోలీటర్లు. ఎవరికీ కనపడకుండా కల్వర్టు కింద సెకనుకి అర లీటరు కారే ఫెరూల్ జాయింటు (వీధి పైపుకి ఇంటి కనెక్షన్ కలిపే అతుకు) నూరు రోజులు అలాగే ఉంటుంది, 4,320 కిలోలీటర్లు. ఇరవై రెట్లు. పేటలు చేసేది ఈ రెండో రకాన్ని పట్టుకోవడానికి.

ప్రెషర్ తగ్గించడం

లోపలికి వచ్చే చోట ప్రెషర్ తగ్గించే వాల్వు, పీఆర్‌వీ, పెట్టుకునే వీలు పేట చేశాకే వస్తుంది. పాత పైపుల ఊళ్లో సగటు ప్రెషర్ 20 మీటర్ల నుంచి 15కి దింపితే లీకులు రమారమి నాలుగో వంతు తగ్గుతాయి, ఒక్క గొయ్యి తవ్వకుండా. కొండ వాలు ఊళ్లలో కింది పేటలకి ఇది ముందు చేయండి. చివరి ఇంటి గేజు చూసుకుంటూ, వారానికి కొంచెం చొప్పున దించండి.

తర్వాత రోజుల్లో

మూసిన హద్దు వాల్వు దగ్గర నీళ్లు కదలవు, నిల్వ ఉండి వాసన వస్తాయి. అక్కడ వాష్ అవుట్ పెట్టి, పదిహేను రోజులకోసారి పారబోయండి. ఆ వాల్వు మూతకి ఎర్ర రంగు వేసి, మూసి ఉంచాలని రెండు భాషల్లో రాయించండి. ఊళ్లో సిమెంటు రోడ్డు టెండరు పడిందని తెలిసిన రోజే వెళ్లి, రోడ్డు ఎంత లేస్తే ఛాంబరు మూత అంత లేపాలని కాంట్రాక్టరుకి రాతపూర్వకంగా ఇవ్వండి. సున్నా ప్రెషర్ పరీక్ష ఏడాదికోసారి మళ్లీ చేయండి.

ఏదో ఒక రాత్రి, పెళ్లింటివాళ్లు వచ్చి బతిమాలితే ఆపరేటరు హద్దు వాల్వు తెరుస్తాడు. వంట ఆగిపోయిన ఇంటిని చూసి ఎవరైనా తెరుస్తారు, తిట్టకండి. తిడితే ఈసారి చెప్పకుండా తెరుస్తాడు. ఎన్ని గంటలకి తెరిచాడో, ఎన్ని గంటలకి మూశాడో, ఎన్ని చుట్లు తిప్పాడో రిజిస్టరులో రాయమనండి. ఆ తేదీ రీడింగు రెండు పేటల లెక్కలోంచీ పక్కన పెట్టేసి, మర్నాడు రాత్రి ఆ స్పిండిల్‌కి మీరే ఒకసారి చెవి ఆనించి రండి.